జీతం వదిలి దుకాణం: రెండు దిర్హముల లెక్క

గత షాబాన్ నెలలో ఒక సోదరుడు మమ్మల్ని కలవడానికి వచ్చారు. హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షించే విభాగంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నారు. ఒకటో తారీఖున జీతం ఠంచనుగా వస్తుంది. అయినా ఆయన మనసు అక్కడ లేదు. సొంత ఊరు కర్నూలు వెళ్లి అత్తర్ల దుకాణం పెట్టాలని ఆయన కోరిక. అన్ని రకాల సామాన్లూ దొరికే ఫ్యాన్సీ షాపు కాదు. అత్తర్లు, ఊద్, ధూపం, సుర్మా, మిస్వాక్ తప్ప మరొకటి ఉండని దుకాణం. రాజీనామా ఉత్తరం రాసి జేబులో పెట్టుకునే వచ్చారు.

"రేపు ఇచ్చేస్తున్నాను, దుఆ చేయండి. ఉపాధిలో పదింట తొమ్మిది వంతులు వర్తకంలోనే ఉందని హదీసు ఉంది కదా! అల్లాహ్ మీద భారం వేశాను" అన్నారు.

దుఆ చేశాం. ఉత్తరం మాత్రం ఒక్క వారం ఆపమని కోరాం. ఆ వారంలో ఆయనతో కలిసి కూర్చుని చదివిన పాఠమే ఇది. ఇలాంటి ఆలోచనలో ఉన్న యువకులు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు కనుక, ఆయన అనుమతితో, పేరు లేకుండా ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఆ హదీసు సంగతి

పదింట తొమ్మిది వంతుల మాట మన జల్సాలలో, పెళ్లి విందుల్లో, దుకాణాల ప్రారంభోత్సవాల్లో తరచు వినబడుతుంది. కానీ దాని పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు తేల్చారు. పన్నెండేళ్ల ఉద్యోగాన్ని వదిలే నిర్ణయాన్ని బలహీనమైన ఉల్లేఖనం మీద నిలబెట్టడం సరికాదు. వర్తకం ఘనతకు ఆ ఒక్క మాటే ఆధారం కూడా కాదు. అల్లాహ్ వర్తకాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడని అల్ బఖర సూరా 275వ ఆయతు స్పష్టంగా చెబుతోంది. సత్యసంధుడూ నమ్మకస్థుడూ అయిన వర్తకుడు ప్రవక్తలతో, సత్యవంతులతో, అమరవీరులతో ఉంటాడని తిర్మిజీలో ఉంది. ఆ ఘనత వర్తకానికి కాదు, వర్తకంలోని సత్యానికి అన్నది గమనించాలి.

మరోవైపు, జీతం తీసుకునేవాడు తక్కువవాడు అనే భావన ఈ మధ్య మన యువకుల్లో ప్రబలుతోంది. మూసా (అలైహిస్సలాం) మద్‌యన్‌లో ఎనిమిదేళ్ల ఒప్పందం మీద, ఇష్టమైతే పదేళ్లకు పొడిగించే షరతు మీద కొలువు చేశారు. అల్ ఖసస్ సూరాలో ఆ ఒప్పందం వివరంగా ఉంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వ్యాపారి. ఖలీఫాగా ఎన్నికైన తర్వాత కూడా బట్టలు భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారనీ, హజ్రత్ ఉమర్ (రజి) ఎదురుపడి ఆపారనీ, తర్వాత బైతుల్‌మాల్ నుంచి ఆయన కుటుంబానికి భత్యం నిర్ణయించారనీ చరిత్రకారులు రాశారు. తన వ్యాపారం కుటుంబాన్ని పోషించడానికి సరిపోయేదేననీ, ఇప్పుడు ముస్లిముల పనిలో మునిగిపోయినందువల్ల తన కుటుంబం ఈ ధనం నుంచి తింటుందనీ ఆయన చెప్పుకున్న మాట బుఖారీలో ఉంది. అంటే ఆయన నడుస్తున్న దుకాణాన్ని వదిలి జీతంలోకి వెళ్లారు. మన సోదరుడు జీతాన్ని వదిలి దుకాణంలోకి వెళ్లదలచారు. రెండు దారులూ హలాలే.

అందుకే ఆయన్ని మొదట ఒక ప్రశ్న అడిగాం: "మీరు చేస్తున్న ఉద్యోగంలో హరాం ఏమైనా ఉందా?" లేదన్నారు. ఉంటే మాట వేరు. వడ్డీ పద్దులు రాసే కొలువు, మద్యం అమ్మే కొలువు అయితే బయటపడే మార్గం వెతకడం అవసరం, అప్పుడు నష్టం కూడా సహించాలి. ఈయన విషయంలో అది లేదు. పైఅధికారి చిన్నచూపు, రోజుకు మూడు గంటల బస్సు ప్రయాణం, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరడం, చిన్ననాటి నుంచి అత్తరు మీద ఉన్న మక్కువ, ఇవీ ఆయన కారణాలు. ఇవి తక్కువ కారణాలని మేము అనం. కానీ ఉండటమూ వెళ్లడమూ రెండూ ధర్మసమ్మతమైనప్పుడు, ఆ జీతంలో ఎవరెవరి హక్కు ఉందో చూసి నిర్ణయించాలి.

అన్సారీ సోదరుని రెండు దిర్హములు

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్‌లో ఉంది. పరంపర విషయంలో కొందరు హదీసువేత్తలు చర్చ చేసినా, ఉపాధి ప్రస్తావన వచ్చినప్పుడల్లా పండితులు దీన్ని చెబుతూనే వచ్చారు.

ఒక అన్సారీ సోదరుడు దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి సహాయం అడిగారు. ఇంట్లో ఏమైనా ఉందా అని ప్రవక్త (స) విచారించారు. సగం కప్పుకుని సగం పరచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నారు. వాటిని తెప్పించి, తమ చేతిలో పట్టుకుని, కొనేవారెవరని అడిగారు. ఒకరు ఒక దిర్హము ఇస్తానన్నారు. ఇంకా ఎక్కువ ఇచ్చేవారెవరని రెండు మూడు సార్లు అడిగితే మరొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ప్రవక్త (స) ఆ రెండు దిర్హములనూ అన్సారీ చేతిలో పెట్టి, ఒకదానితో ఆహారం కొని ఇంట్లో ఇమ్మన్నారు, రెండోదానితో గొడ్డలి కొని తీసుకురమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి తమ స్వహస్తాలతో పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమనీ, పదిహేను రోజుల దాకా తమకు కనబడవద్దనీ చెప్పి పంపారు. ఆ సోదరుడు పది దిర్హములతో తిరిగి వచ్చారు. కొన్నింటితో బట్టలు, కొన్నింటితో ఆహారం కొనుక్కున్నారు.

ఈ సంఘటనను మనం సాధారణంగా భిక్షాటనకు వ్యతిరేకంగా చెబుతాం. అది నిజమే. అయితే వ్యాపారం పెట్టదలచినవారు ఇందులో చూడవలసింది మరొకటి ఉంది. ఆ మనిషి ఆస్తి మొత్తం రెండు దిర్హములు. రెండూ పెట్టి ఇంకా మంచి గొడ్డలి కొనమని చెప్పవచ్చు. పని త్వరగా సాగేది. అలా చెప్పలేదు. ముందు ఇల్లు, తర్వాత గొడ్డలి. సగం ఆస్తి గొడ్డలి చేరకముందే ఇంట్లోవారి కడుపుకు చేరింది. తరువాత పదిహేను రోజుల గడువు. ఆ గడువు తర్వాత వచ్చి లెక్క చూపారు.

తన పోషణలో ఉన్నవారిని పస్తు పెట్టడం ఒక్కటే మనిషిని పాపిని చేయడానికి చాలునని కూడా అబూ దావూద్‌లోనే ఉంది. దుకాణం హలాల్ అయినంత మాత్రాన ఈ బాధ్యత తొలగిపోదు.

మరి మన సోదరుని దిర్హములు ఎన్ని? కాగితం, కలం తీసుకుని కూర్చున్నాం. రాజీనామా చేస్తే వచ్చే పి.ఎఫ్., గ్రాచ్యుటీ సుమారు 6 లక్షల 80 వేలు. దాచుకున్నది 2 లక్షల 20 వేలు. మొత్తం 9 లక్షలు. ఈ 9 లక్షలూ దుకాణంలో పెట్టాలన్నది ఆయన పథకం. అది చాలక ఇంట్లో బంగారం కుదువబెట్టి మరో 4 లక్షలు తెచ్చి ఊద్ సరుకు నింపాలనుకున్నారు.

"అప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాం.

చెల్లెలి పెళ్లికి మేనమామ ఇచ్చిన 1 లక్ష 50 వేలు ఉన్నాయట. "మామూ ఎప్పుడూ అడగలేదండీ" అన్నారు.

అడగకపోవడం మాఫీ చేయడం కాదు. మూడు దీనార్ల అప్పు మిగిల్చి, తీర్చడానికి ఏమీ లేకుండా మరణించిన వ్యక్తి జనాజా తెచ్చినప్పుడు దైవప్రవక్త (స) తాము నమాజు చేయించకుండా సహచరులను చేయించుకోమన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనదని ఒప్పుకున్న తర్వాతే చేయించారు (బుఖారీ). కనుక 9 లక్షల్లో మొదటి కోత మేనమామది. మిగిలింది 7 లక్షల 50 వేలు.

ఇక ఇంటి దిర్హము. కర్నూలులో అమ్మ ఇల్లు ఉంది, అద్దె లేదు. అయినా పిల్లల ఫీజులు, అమ్మగారి షుగరు మందులు, వంటసామాను, కరెంటు కలిపి నెలకు 32 వేలు. కొత్త దుకాణం మొదటి ఏడాది ఇంటికి ఏమీ ఇవ్వదనే అనుకోవాలి. పన్నెండు నెలలకు 3 లక్షల 84 వేలు పక్కన పెట్టాం. మిగిలింది 3 లక్షల 66 వేలు. ఇదీ గొడ్డలి దిర్హము. అందులో దుకాణం అడ్వాన్సు లక్ష, అద్దాల బీరువాలు, లైట్లు 70 వేలు, ఆరు నెలల అద్దె, కరెంటు 84 వేలు. చివరికి సరుకుకు మిగిలింది 1 లక్ష 12 వేలు.

13 లక్షల దుకాణం కాగితం మీద 1 లక్ష 12 వేల సరుకు అయింది. ఆయన ముఖం వాడిపోయింది. మాకూ బాధ కలిగింది. కానీ ఇంకో లెక్క మిగిలి ఉంది. నెలకు దుకాణం అద్దె, కరెంటు 14 వేలు, ఇంటికి 32 వేలు, కలిపి 46 వేలు. వంద రూపాయల అమ్మకం మీద కొనుగోలు ధర పోను 40 రూపాయలు మిగులుతుందనుకున్నా, ఆ 46 వేలు రావాలంటే నెలకు 1 లక్ష 15 వేల అమ్మకం జరగాలి. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే రోజుకు 4,400 పైచిలుకు. ఒక్కొక్కరు సగటున వంద రూపాయలది కొంటే రోజుకు 44 మంది కొనాలి. చూసి, వాసన పీల్చి వెళ్లిపోయేవారు లెక్కలోకి రారు.

"రోజుకు ఇరవై మంది వస్తే గొప్ప అనుకున్నానండీ" అని చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు.

తవక్కుల్ అంటే ఈ లెక్క వేయకపోవడం అని చాలామంది భావిస్తారు. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయమన్న హదీసు (తిర్మిజీ) అందరికీ తెలిసిందే. పక్షులు ఖాళీ కడుపుతో వెళ్లి నిండు కడుపుతో తిరిగి వస్తాయన్న హదీసును కూడా గుర్తుచేస్తారు. అందులోనూ పక్షి ఉదయాన్నే గూడు విడిచి వెళ్తుంది, గూట్లో ఆహారం కోసం ఎదురుచూడదు. పిల్లలున్న గూటిని తుంచి పుల్లలు అమ్ముకోవడమూ చేయదు.

"మీ ఇష్టం" అంటే సమ్మతి కాదు

బంగారం విషయం విడిగా మాట్లాడవలసి వచ్చింది. అందులో కొంత ఆయన భార్య మహర్, మిగతాది ఆమె పుట్టింటివారు పెట్టినది. "ఆవిడను అడిగారా?" అంటే "అడిగాను, మీ ఇష్టం అంది" అన్నారు.

మన ఇళ్లలో ఈ రెండు మాటలకు ఎన్ని అర్థాలున్నాయో అందరికీ తెలుసు. అన్‌నిసా సూరా 4వ ఆయతులో భార్యలు తమ మహర్‌లో కొంత భాగాన్ని మనస్ఫూర్తిగా వదిలితేనే భర్త దాన్ని హాయిగా అనుభవించవచ్చని ఉంది. భర్త కోరిక తెలిసి, కాదనలేక, వంటింట్లో నుంచి వినబడిన "మీ ఇష్టం" ఆ మనస్ఫూర్తి కిందికి వస్తుందా? రాదనే మా అభిప్రాయం. పైగా కుదువ దుకాణంలో బంగారం పెట్టి తెచ్చే సొమ్ముకు వడ్డీ కట్టాలి. ధర్మసమ్మతమైన ఉద్యోగాన్ని వదిలి, ధర్మసమ్మతమైన వ్యాపారం కోసం, తొలి అడుగు వడ్డీలో వేయడం ఏమిటి?

ఆయన ఇంటికి వెళ్లి మళ్లీ అడిగారు. ఈసారి ప్రశ్న మార్చమని మేమే చెప్పాం. బంగారం ఇస్తావా అని కాకుండా, నీకు ఏది భయంగా ఉందో చెప్పమని అడగమన్నాం. ఆమె గంటసేపు మాట్లాడారట. బంగారం మీద ఆమెకు అంత దిగులు లేదు. అమ్మాయి పదో తరగతికి వస్తోంది, ఈ సంవత్సరమే బడి మార్చవద్దన్నది ఆమె మనవి. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆయన చెవిన పడటం అదే మొదటిసారి. మష్వరా అంటే పెద్ద మనుషులతో చేసేదేనని మనం అనుకుంటాం. హుదైబియా నాడు సహచరులు తలలు గొరిగించుకోవడానికి కదలనప్పుడు ప్రవక్త (స) పాటించిన సలహా ఆయన సతీమణి ఉమ్మె సలమా (రజి)ది.

ఇస్తిఖారా కూడా చేశారు. కలలో ఆకుపచ్చ రంగు కనబడలేదని దిగులుపడ్డారు. ఇస్తిఖారా నమాజుకు కల రావాలన్న షరతు హదీసులో లేదు. రెండు రకాతులు చదివి, నేర్పిన దుఆ చేసి, మేలైనదైతే సులభం చేయమనీ, చెడ్డదైతే తనను దాని నుంచి మళ్లించమనీ అల్లాహ్‌ను వేడుకోవడమే అది. పని ముందుకు సాగడం, ఆగిపోవడం రూపంలోనే సాధారణంగా జవాబు తెలుస్తుంది.

బంధువుల పెట్టుబడి

విషయం తెలిసి ఒక బావమరిది 2 లక్షలు ఇస్తానన్నారు. షరతు: నెలకు 4 వేలు 'లాభం' ఇవ్వాలి, అడిగినప్పుడు అసలు తిరిగి ఇవ్వాలి. పేరు లాభమే. కానీ దుకాణం నడిచినా మూతపడినా 4 వేలు ఇవ్వాలంటే అది వడ్డీయే. భాగస్వామ్యంలో లాభం ఇంత మొత్తమని ఉండకూడదు, సగమో మూడో వంతో పాలు ఉండాలి. ఒకరిది సొమ్ము, మరొకరిది శ్రమ అయితే (దీన్ని ముదారబా అంటారు) నష్టం వచ్చినప్పుడు సొమ్ము పెట్టినవారు సొమ్ము, శ్రమ పెట్టినవారు శ్రమ కోల్పోతారు, శ్రమించినవారి నిర్లక్ష్యమో మోసమో ఉంటే తప్ప. ఇద్దరూ సొమ్ము పెడితే నష్టాన్ని ఎవరి సొమ్ము నిష్పత్తిలో వారు భరించాలి.

2018, 2019 సంవత్సరాల్లో హైదరాబాద్, బెంగళూరులలో హలాల్ లాభం పేరిట సొమ్ము సేకరించిన సంస్థలు చెల్లింపులు ఆపేసినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు రోడ్డున పడ్డాయి. నెలనెలా వచ్చే సొమ్మును చూశారు తప్ప, అది ఏ వ్యాపారంలోంచి వస్తోందని చాలామంది అడగలేదు. ఇంట్లో బావమరిదితో చేసే చిన్న ఒప్పందానికీ అదే ప్రశ్న వర్తిస్తుంది.

సరుకు అరువు తెచ్చుకోవడంలో తప్పు లేదు. నగదుకు ఒక ధర, మూడు నెలల అరువుకు కొంచెం ఎక్కువ ధర అని బేరం నాడే ఒక ధర ఖాయం చేసుకుంటే పండితులు అనుమతించారు. గడువు దాటినకొద్దీ పెరిగే జరిమానా మాత్రం కుదరదు. ఏదైనా సరే రాసుకోవాలి. ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పెద్ద ఆయతు నమాజు గురించో హజ్ గురించో కాదు, అప్పును రాసుకోవడం గురించి (అల్ బఖర: 282). బావమరిదితో కాగితం రాసుకోవడానికి మొహమాటపడేవారు ఈ ఆయతును మరోసారి చదవాలి.

అత్తరు సీసాలో ఏముంది?

ఒకే రకం సరుకు అమ్మే దుకాణానికి మనిషి ఎందుకు వస్తాడు? ధర కోసం కాదు, ఆ దుకాణదారునికి సరుకు తెలుసనే నమ్మకంతో వస్తాడు. కిరాణా కొట్టులో పప్పును చూసి ఎంచుకోవచ్చు. అత్తరు విషయంలో వచ్చినవాడికి ఏమీ తెలియదు. సీసాలో ఉన్నది ఏమిటో అమ్మేవాడి నోటిమాటే ఆధారం. కనుక ఈ వ్యాపారంలో అబద్ధానికి ఉన్నంత చోటు మరెక్కడా లేదు.

కన్నౌజ్‌లో తరతరాలుగా అత్తరు తీసే పద్ధతిలో రాగి దేగ్‌లో పూలూ నీళ్లూ పోసి, మట్టితో మూత బిగించి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా చల్లని నీటిలో ఉంచిన భప్కా అనే పాత్రలోకి వెళ్తుంది. ఆ పాత్రలో ముందే చందనతైలం ఉంటుంది. పూల సారం అందులో ఇంకుతుంది. అసలైన గులాబీ తైలం ఒక కిలో రావాలంటే టన్నుల కొద్దీ రేకులు కావాలి. చందనం ధర ఆకాశానికి ఎక్కాక చాలా అత్తర్లకు ఆధారం చందనం కాదు, లిక్విడ్ పారాఫిన్ వంటి చవక నూనెలే. ఊద్ అనేది అస్సాం వంటి ప్రాంతాల్లోని అగరు చెట్టు కాండంలో శిలీంధ్రం సోకినప్పుడు ఏర్పడే జిగురు చెక్క నుంచి వస్తుంది. బజారులో వంద రూపాయలకు దొరికే 'ఊద్' ప్రయోగశాలలో తయారైన సువాసన.

పారాఫిన్ కలిపిన అత్తరు అమ్మడం హరాం కాదు. రసాయన ఊద్ అమ్మడమూ హరాం కాదు. దాన్ని అసలైన చందనపు అత్తరని, అస్సాం ఊద్ అని చెప్పి అమ్మడం హరాం. బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చెయ్యి పెట్టి చూసి, లోపల తడి తగిలినప్పుడు, ఆ తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడన్నారు (ముస్లిం). గల్లా మీద వాసన చూపే సీసాలో ఒక రకం, డబ్బాలోంచి నింపి ఇచ్చేది మరో రకం అయితే అది ఆ తడి ధాన్యమే. మందుల కంపెనీలో పన్నెండేళ్లు కల్తీ పట్టుకున్న మనిషి ఈ దుకాణం పెడితే ఊరికి మేలు జరుగుతుందన్నది మాకు నచ్చిన విషయం. ఆయన కోరికలో మమ్మల్ని ఒప్పించింది కూడా ఇదొక్కటే.

ఆల్కహాల్ కలిసిన స్ప్రేల విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. మీరు నమ్మే ముఫ్తీని అడిగి ఒక మాట మీద నిలబడండి. అమ్మితే మాత్రం ఆల్కహాల్ ఉందని చెప్పి అమ్మండి.

ఇక తులం సంగతి. తులం అంటే 11.66 గ్రాముల తూకం. అత్తరు బజారులో తులం సీసా అని ఇచ్చేది ఒకచోట 12 మిల్లీలీటర్లు, మరొకచోట 10. కొనేవాడికి తేడా తెలియదు. కొలతల్లో తగ్గించి ఇచ్చేవారికి వినాశం తప్పదని హెచ్చరిస్తూ ఒక సూరాయే (అల్ ముతఫ్ఫిఫీన్) మొదలవుతుంది. అందరూ ఇచ్చే తులం ఇంతేనండీ అన్న సమాధానం అక్కడ పనికిరాదు. ఇన్ని మిల్లీలీటర్లు అని సీసా మీద రాస్తే సరిపోయేదానికి ఇంత చర్చ అవసరమా అనిపించవచ్చు. కానీ రాసేవారు ఎంతమంది?

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) కూఫాలో ఖజ్ అనే మేలురకం వస్త్రాల వ్యాపారి. ఆయనదీ ఒకే రకం సరుకు దుకాణమే. సరుకులో ఒక వస్త్రానికి లోపం ఉందని, కొనేవారికి ఆ సంగతి చెప్పి అమ్మమని భాగస్వామికి చెప్పి పంపారు. ఆయన మరచిపోయి అమ్మేశారు. కొన్నది ఎవరో తెలియలేదు. అప్పుడు ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన మొత్తం సొమ్మును దానం చేశారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. ఆ ఒక్క వస్త్రం ధరతో సరిపెట్టుకోలేదు.

మన సోదరుడు దుకాణానికి చూసుకున్న చోటు జామె మసీదు గేటు పక్కనే. అక్కడ వారంలో ఎక్కువ గిరాకీ ఉండే అరగంట ఏది? జుమా నాడు అజాన్‌కూ ఖుత్బాకూ మధ్య. స్నానం చేసి వచ్చినవారు అత్తరు రాసుకోవాలనుకునేది అప్పుడే. సరిగ్గా ఆ సమయంలోనే క్రయవిక్రయాలు ఆపి అల్లాహ్ స్మరణ వైపు పరుగెత్తమని అల్ జుముఅ సూరా 9వ ఆయతు ఆదేశిస్తోంది. తరువాతి ఆయతులో నమాజు అయ్యాక భూమిలో చెదిరిపోయి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమన్న అనుమతి ఉంది. కనుక ఆ అరగంట షట్టరు దించాలి. మసీదులో అడుగు పెట్టేవారు ఉచితంగా రాసుకోవడానికి ఒక సీసా గడప దగ్గర ఉంచవచ్చు. సువాసన ఆయనకు (స) ప్రియమైనది, జుమా నాడు రాసుకోవడం సున్నత్.

జకాత్ గురించి కూడా అడిగారు. జకాత్ లెక్క వేసే రోజున సరుకు ఎంత ధరకు అమ్ముడవుతుందో ఆ విలువకు, చేతిలోని నగదు కలిపి, దగ్గరలో చెల్లించవలసిన అప్పులు తీసివేసి, మిగిలినది నిసాబ్‌కు చేరితే నూటికి రెండున్నర. బీరువాలకు, తూకం యంత్రానికి జకాత్ లేదు. ఖాళీ సీసాల సంగతి? ఫిఖహ్ పండితులు ఇదే ఉదాహరణ చర్చించారు. సరుకుతో పాటు కొన్నవారికి వెళ్లిపోయే సీసాలు సరుకు కిందికి వస్తాయి, దుకాణంలోనే ఉండిపోయేవి రావు.

పదిహేను రోజులు

మక్కా నుంచి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన సఅద్‌కు శుభం కలగాలని దుఆ చేసి, బజారు ఎటువైపో చూపమన్నారు. బనూ ఖైనుఖా బజారులో జున్ను, నెయ్యితో మొదలుపెట్టారు (బుఖారీ). మక్కాలో పెద్ద వర్తకుడైన ఆ మనిషి మదీనాలో చిన్న సరుకుతో దిగారు. కొత్త బజారును ఆయన ముందు చూశారు.

ఇది విన్నాక మన సోదరుడే ఒక ఆలోచన చెప్పారు. కర్నూలులో ఆయన తమ్ముడు డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాడు. దాచుకున్న సొమ్ములోంచి 60 వేలు తమ్ముడికి ముదారబా మీద ఇచ్చి, రమజాన్‌లో మసీదు దగ్గర ఒక బల్ల పెట్టించడం, లాభం చెరి సగం. ఉద్యోగపు షరతుల్లో ఇతర వ్యాపారం గురించి ఏముందో చూడమన్నాం. ఒప్పందాలు నెరవేర్చడం విశ్వాసులకు ఆదేశం (అల్ మాయిద: 1), సంతకం చేసిన కాగితానికీ అది వర్తిస్తుంది. ఆయన కంపెనీకి రాసి, అభ్యంతరం లేదన్న జవాబు తెచ్చుకున్నారు. మేనమామకు 50 వేలు కట్టి, మిగిలిన లక్షకు గడువు రాసి ఇచ్చారు. మేనమామ ఆ కాగితం చూసి మొదట కోపగించుకుని, తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నారట.

రమజాన్ నెలలో బల్ల మీద 1 లక్ష 52 వేల అమ్మకం జరిగింది. ఆయన ఫోనులో ఆ అంకె చెబుతుంటే రాజీనామా ఉత్తరం మళ్లీ జేబులోకి వచ్చిందేమోనని మాకు అనుమానం కలిగింది. బల్ల తీయవద్దనీ, మామూలు నెలలు కూడా చూడమనీ చెప్పాం. రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, అద్దె మాత్రం నెలనెలా అదే తారీఖున వస్తుంది. జిల్‌ఖాదా నెల మొత్తం అమ్మకం 38 వేలు.

ఈద్ అల్ అద్‌హా తర్వాత ఆయన ఖాతా పుస్తకం పట్టుకుని వచ్చారు. రాజీనామా ఇంకా ఇవ్వలేదు. వచ్చే వేసవిలో అమ్మాయి పదో తరగతి పరీక్షలు అయ్యాక మళ్లీ లెక్క చూసుకుంటామని ఆయనా ఆయన శ్రీమతీ అనుకున్నారట. ఖాతా ఆవిడే రాస్తున్నారు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వెళ్లేటప్పుడు మాకొక చిన్న సీసా ఇచ్చారు. దాని మీద చేతితో రాసిన చీటీ అంటించి ఉంది: "ఖస్. ఆధారం పారాఫిన్ నూనె, చందనం కాదు. 10 మి.లీ."